నాన్న చెవి మిషను

మొన్న పొద్దున దోసెలు పోస్తుంటే ఏదో కాలుతున్న వాసన వచ్చింది. మాడిన దోసె వాసన నాకు తెలుసు. ఇది అది కాదు. స్టవ్వు కట్టేసి గ్యాసు పైపు చూశాను, భుజం మీది తువ్వాలు చూసుకున్నాను. తీరా చూస్తే కాలుతున్నది నా చూపుడు వేలు. పెనం అంచుకు ఆనించి పెట్టుకుని నిలబడి ఉన్నాను. నొప్పి లేదు, మంట లేదు. ఎవరి వేలో చూసినట్టు చూశాను.

మా అమ్మాయి చూసి ఇల్లెగిరిపోయేటట్టు అరిచింది. "షుగరుతో నరాలు చచ్చిపోయినై నీకు. ఇంక పొయ్యి దగ్గరికి రామాకు. ఒకరోజు చీరంటుకున్నా తెలవదు నీకు" అంది. నేను తన మాట వినేదాన్ని కాదని తనకు తెలుసు. అందుకని నరసరావుపేటలో డాక్టరు దగ్గర నంబరు రాయించింది. ఆయన కూడా వద్దంటే మానాలి, అదీ ఒప్పందం. మా అమ్మాయి ఇంట్లో నాకు మిగిలింది ఆ పొయ్యి ఒక్కటే. అది కూడా తీసేస్తే పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు.

ఆ వాసన మాత్రం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఒక దసరా సెలవుల్లో మా వసారా నిండా ఆ వాసనే. అప్పుడు అదేమిటో మాకెవరికీ తెలియలేదు.

మాది సున్నపురాయి క్వారీల పక్క ఊరు. ఊరి బయట బట్టీలు. వేపచెట్ల ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద, పెరుగు మీద కూడా తెల్లటి దుమ్ము పడేది. మా నాయనమ్మ పెరుగు మీగడతో పాటు ఆ దుమ్మునూ తీసి పక్కన పెట్టి, "సున్నం ఒంటికి మంచిదేలే" అని మిగతాది మాకు పోసేది. నాన్న క్వారీలో డ్రిల్లు మిషను మనిషి. గోతిలోకి దిగి, ఒళ్ళంతా అదిరిపోయే ఆ మిషనుతో బండకు బెజ్జాలు వేసేవాడు. ఆ బెజ్జాల్లో మందు కూరి పేల్చేవాళ్ళు. సాయంత్రం ఇంటికి వచ్చిన నాన్నకు కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. స్నానం చేశాక గానీ మనిషి వయసు తెలిసేది కాదు.

నాన్న చెవులు ఒక్కరోజులో పోలేదు. మొదట రేడియో పెద్దగా పెట్టమనేవాడు. తర్వాత రేడియో ఊసే ఎత్తలేదు. మేము గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాం. కొన్నాళ్ళకు మా ఇంట్లో మామూలు మాటలు కూడా పోట్లాటలాగా వినపడేవి. బంధువులు వచ్చి, ఏం గొడవ జరుగుతోందోనని గుమ్మం బయటే ఆగిపోయేవాళ్ళు. చెవుడు నాకొక రకంగా లాభమే అయింది. నాన్న మంచం మీద అటు తిరిగి పడుకుంటే, వెనకాలే నిలబడి డబ్బాలోంచి బెల్లం గడ్డ తీసి రోకలితో కొట్టుకుని తినేదాన్ని. నాయనమ్మ మాత్రం చూసేది. "నాకూ ఒక ముక్క పడెయ్, నేనేం చెప్పన్లే" అనేది.

ఒక సాయంత్రం క్వారీ మేస్త్రి మా ఇంటికి వచ్చాడు. మంచివాడే. అమ్మ ఇచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, నాన్న వైపు చూడకుండా అమ్మతో చెప్పాడు.

"చెల్లెమ్మా, ఇయ్యాల నీ అదృష్టం బాగుంది. పేలుస్తున్నామని గొంతు చించుకుని అరిచా. అందరూ పైకొచ్చేశారు, ఈయన మాత్రం గోతిలోనే ఉండాడు. ఎవరో పరిగెత్తి రెక్కపట్టుకుని లాక్కొచ్చారు. నా కేక ఇనపడనోణ్ణి నేను గోతిలోకి దించలేనమ్మా. పండగ దాకా ఇంటి దగ్గరుండనియ్. ఆ తర్వాత కూడా ఇనపడకపోతే పైన రాళ్ళేరే ఆడోళ్ళతో పని చేసుకోమను."

నాన్న మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. "ఏందంట?" అన్నాడు.

అమ్మ చెవి చూపించి, గోతి వైపు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. నాన్నకు అర్థమైంది. లేచి వెళ్ళి గేదెకు గడ్డి వేశాడు. అప్పటికే ఒకసారి వేసి ఉంది.

మా మామయ్య, అంటే అమ్మకు తమ్ముడు, సున్నం లారీ డ్రైవరు. హైదరాబాదులో సరుకు దించి వచ్చేవాడు. చెవి మిషన్లు కొనడం మనవల్ల కాదు గానీ, అక్కడ రేడియో సామాన్ల సందులో విడిభాగాలు పాకెట్లో పెట్టి అమ్ముతారని, ఇంట్లో మనమే బిగించుకోవచ్చని ఎవరో చెప్పారట. "చిన్న మైకు, చెవిలో పెట్టుకునే బిళ్ళ, మధ్యలో పెట్టె. జేబులో ఏసుకుంటే చీమ నడిచినా ఇనపడుద్దంట" అన్నాడు. మరుసటి ట్రిప్పులో ఆ పాకెట్టు తెచ్చాడు.

నేను పదో తరగతి. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు వచ్చింది నాకే. పాకెట్టు మీద ఉన్నది చదివి, "లోపల కాగితం చూసి బిగించాలంట మామయ్యా. కాగితమేది?" అన్నాను.

"ఏ కాయితం?"

"బొమ్మ ఉన్న కాగితం. ఏది ఎక్కడ పెట్టాలో ఉండేది."

మామయ్య తల గోక్కున్నాడు. "అదా... మిర్యాలగూడ దాటినాక బజ్జీలు తిన్నాం. బండోడి దగ్గర కాయితాలు అయిపోయినై. ఇది ఇంగ్లీషులో ఉంది గదా, మనకేం పనికొచ్చుద్దిలే అని..."

అమ్మ చేతిలో ఉన్న చీపురు అలాగే ఎత్తింది. "ఒరేయ్! ఆయన పని పోతంటే నీకు బజ్జీలు కావాల్సొచ్చినయ్యా?"

"బొమ్మ చూశానక్కా! నూనంటుకున్నాక ఇంకా బాగా కనపడింది. నాకు గుర్తుంది" అని మామయ్య వసారా చివరికి పారిపోయాడు.

మరునాడు పొద్దున పాకెట్టులో ఉన్నదంతా నాయనమ్మ చాటలో పోసుకుంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి, కుప్పలు పెట్టింది. చారలున్నవి ఒక కుప్ప, డోలు లాగా ఉన్నవి ఒకటి, చింతగింజల్లాంటివి ఒకటి, మూడు కాళ్ళ నల్ల పురుగులు ఒకటి. వాటి అసలు పేర్లు ఆ ఇంట్లో ఎవరికీ తెలియవు. చివరిదాకా వాటిని అలాగే పిలిచాం.

అన్నీ గుచ్చాల్సిన చిన్న అట్టకు ఒకవైపు రాగి గీతలు, మధ్యమధ్య బెజ్జాలు. చాలాసేపు చూశాక నాకది చుక్కల ముగ్గులా కనపడింది. ముగ్గుల్లో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు, ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వేలితో రాసుకుంటూ పోయాను. మూడు బెజ్జాలు దగ్గరగా ఉన్నచోట మూడు కాళ్ళ పురుగు. దూరం దూరంగా ఉన్నచోట చారలది పడుకుంటుంది. అంతవరకు ముగ్గు చెప్పింది. ఏ చారలది ఎక్కడ పడుకోవాలో ముగ్గు చెప్పలేదు. దానికి మామయ్య కళ్ళు మూసుకుని బజ్జీల కాగితాన్ని తలుచుకునేవాడు. "ఈ మూల డోలు. దాని పక్కన ఎర్రచారలది. కాదు, ఆడ మిరపకాయ ముచ్చిక అంటుకుంది. ఆ ముచ్చిక పక్కన."

మైకుసెట్టు షాపు నుంచి మామయ్య కరెంటుతో కాలే ఇనపకడ్డీ, సీసం తీగ అడిగి తెచ్చాడు. సీసం కరిగించి అతకాలి. ఎంత కరిగించినా అది రాగికి అంటుకోలేదు. తామరాకు మీద నీళ్ళలాగా ముత్యమై దొర్లి కింద పడేది. షాపువాళ్ళు సీసంతో పాటు ఏదో జిగురు వాడతారట, అది అడిగి తేవడం మామయ్య మరిచిపోయాడు. షాపు పండగకు మూసేశారు.

నాయనమ్మ లోపలికి వెళ్ళి గూట్లోంచి చిన్న పొట్లం తెచ్చింది. "కళాయేసేవోడు నవాసారం లేకుండా ఎప్పుడన్నా గిన్నెకి తగరం అంటించాడంట్రా? ఇంత చదూకుని ఇది తెలవదా మీకు?" అంది. చిటికెడు తీసి చల్లి, ఇప్పుడు పెట్టమంది. కడ్డీ తగలగానే తెల్లటి పొగ లేచింది. ముక్కులు మండిపోయాయి, అందరం దగ్గాం. పొగ పోయాక చూస్తే సీసం రాగి మీద పరుచుకుని వెండిలా మెరుస్తోంది. నాయనమ్మ మొహం కూడా అంతే మెరిసింది. ఆ రోజంతా మమ్మల్ని పనివాళ్ళను చూసినట్టు చూసింది.

నేను కడ్డీ పట్టుకుంటే ఇంకొకరు ఆ సన్నటి కాళ్ళను కదలకుండా పట్టుకోవాలి. కాలు మీదుగా వేడి పైకి పాకుతుంది. మామయ్య పట్టుకుని "అబ్బా!" అని విసిరేశాడు. మూడు కాళ్ళ పురుగు ఎగిరి కోళ్ళగంప కింద పడింది. అమ్మ పటకారు తెచ్చింది గానీ అది అన్నం గిన్నె దించే పటకారు, ఆ అట్ట కంటే పెద్దది. అప్పుడు నాన్న మంచం మీద నుంచి లేచి వచ్చాడు. నా ఎదురుగా గొంతుక్కూర్చుని, రెండు వేళ్ళతో ఆ కాలు పట్టుకుని, కానివ్వమన్నట్టు తలూపాడు.

నేను కడ్డీ పెట్టాను. పొగ లేచింది. నాన్న వేళ్ళు కదల్లేదు.

ఇక అక్కడి నుంచి నాన్నే పట్టుకున్నాడు. కరెంటు ఉన్నంతసేపు అతకడం, పోయాక జొన్నన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుని తినడం, రాగానే మళ్ళీ కూర్చోవడం. ఒకటి పెట్టి చూడటం, పలక్కపోతే పీకి ఇంకోటి పెట్టడం. పీకేటప్పుడు ఇంకా ఎక్కువసేపు కాల్చాలి. అప్పుడూ నాన్నే పట్టుకునేవాడు. కళ్ళార్పకుండా నా చేతినే చూసేవాడు. "మీ నాన్నకి ఓర్పెక్కువే కోడలా. నేనైతే చచ్చినా పట్టుకోను" అన్నాడు మామయ్య. నేనూ ఓర్పే అనుకున్నాను. నవాసారం పొగలో ఇంకేదో వాసన కలిసేది. అది కూడా నవాసారమే అనుకున్నాం.

అన్నం తినేటప్పుడు చూసింది అమ్మ. నాన్న బొటనవేలికి, చూపుడు వేలికి నీళ్ళతో ఉబ్బిన బొబ్బలు, కొన్ని పగిలిపోయి చర్మం వేలాడుతోంది. వాటితోనే కారం కలుపుతున్నాడు. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, చూపించింది. నాన్న వేళ్ళు దగ్గరికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకేం తెలవలేదే" అన్నాడు.

డ్రిల్లు మిషను చెవుల్ని మాత్రమే కాదు, వేళ్ళను కూడా తినేసింది. ఎప్పటినుంచి అన్నది ఆయన చెప్పలేదు. ఆయనకు కూడా తెలిసి ఉండదు, తెలియకపోవడమే కదా ఆ జబ్బు. అమ్మ కొబ్బరినూనె రాసింది. ఆ పూట ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మాట్లాడకపోయినా నాన్నకు తేడా తెలియదు. నేను నా కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. నాకు జాలి వేయాలి కదా అనుకున్నాను. ఏమీ అనిపించలేదు. మరునాడు కరెంటు రాగానే నాన్న గుడ్డ చుట్టిన వేళ్ళతో నా ఎదుట కూర్చున్నాడు. నేను కడ్డీ వేడెక్కిందో లేదో చూసుకున్నాను.

పండగ ముందురోజు పెట్టె పలికింది. ముందు కూత కూసింది. వీధిలో కుక్కలు లేచి నిలబడ్డాయి. నాన్న చెవిలో బిళ్ళ పెట్టుకుని ఉలిక్కిపడి, "రైలా?" అన్నాడు. మైకును చెవికి దూరంగా జరిపితే కూత ఆగింది. మొదటి మాట ఎవరు మాట్లాడాలో తెలియక ఎవరం మాట్లాడలేదు. గోడవార కూర్చున్న నాయనమ్మ దగ్గింది.

నాన్న తల తిప్పి చూశాడు. "అమ్మా, ఆ దగ్గు ఎప్పట్నుంచి నీకు?" అన్నాడు.

"చానా కాలమైందిలేరా. నీకినపడదు గదా అని తీరిగ్గా దగ్గుకుంటన్నా" అంది నాయనమ్మ.

నవ్వించాలని అన్నది గానీ తనే నవ్వలేదు. నాన్న చాలాసేపు అలాగే వింటూ కూర్చున్నాడు. గేదె నెమరు వేయడం విన్నాడు. అమ్మ గాజులు విన్నాడు. కాసేపటికి బిళ్ళ తీసి పెట్టెలో పెట్టేశాడు. "ఇంట్లో వద్దులే, బ్యాటరీ అయిపోద్ది" అన్నాడు.

పండగ వెళ్ళాక మేస్త్రి క్వారీ గట్టు మీద నాన్నను అటు తిప్పి నిలబెట్టి, వెనకనుంచి దూరంగా పోయి పిలిచాడట. నాన్న తిరిగి చూశాడట. మళ్ళీ గోతిలోకి దిగాడు. మామయ్య ఊరంతా తిరిగి, తానే మిషను తయారుచేసినట్టు చెప్పుకున్నాడు. నాయనమ్మ నవాసారం సంగతి చెప్పుకుంది. నేను చెప్పుకోలేదు గానీ, స్కూల్లో సైన్సు మాస్టారు పాఠం చెబుతుంటే ఆయనకంటే నాకే ఎక్కువ తెలుసనుకున్నాను.

మిరపకోతల నాటికి ఇల్లంతా ఘాటు. వసారాలో మిరపకాయలు ఆరబోసుకుని తొక్కకుండా నడిచేవాళ్ళం. మామయ్య ఒకరోజు వస్తూ కొత్త బ్యాటరీ తెచ్చాడు. "ఇంకా పాతదే నడుస్తందా? మైకుసెట్టోళ్ళు నెలకూడా రాదన్నారే" అన్నాడు. నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు చొక్కా జేబులోంచి పెట్టె తీసి మర విప్పాను.

లోపల పచ్చగా ఉంది. నేను అతికిన ప్రతి అతుకు మీద పచ్చటి చిలుము. నవాసారం రాగిని తినేసింది. గిన్నెకైతే కళాయి వేశాక కడుగుతారు, తోముతారు. మేము కడగలేదు. కడగాలని మాకు తెలియదు. ముట్టుకుంటే ఒక డోలు కాలు ఊడి నా చేతిలోకి వచ్చింది. అది పలకడం మానేసి ఎన్నాళ్ళయిందో ఎవరికి తెలుసు.

పెట్టె అమ్మకు చూపించాను. అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. పెట్టె వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ తొడిమ తీసింది.

"మర బిగించి, ఎక్కడుందో ఆడనే పెట్టు" అంది.

"ఇది పనిచెయ్యట్లేదమ్మా. నాన్నకి కేక ఎట్టా ఇనపడుద్ది?"

"నీకెందుకే? బిగించు."

మరునాడు పొద్దున అమ్మ నాన్న క్యారేజీ సర్దుతుంటే చూశాను. అన్నం గిన్నె మీద ఇంకో ముద్ద, విడిగా ఆకులో కట్టి పెట్టింది. అది రోజూ పెడుతోందని అప్పుడు గుర్తొచ్చింది. నాన్నకు ఆకలి ఎక్కువైందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ రోజు క్యారేజీ నేను తీసుకెళతానన్నాను.

క్వారీ గట్టు మీద నిలబడి చూశాను. కింద నాన్న మిషను పట్టుకుని ఉన్నాడు. చెవిలో బిళ్ళ ఉంది. ఆయనకు ఎదురుగా, బండ నీడలో గోధుమరంగు కుక్క ఒకటి పడుకుని ఉంది. నాన్న బండను చూడటం లేదు. మిషను చేతుల్లో అదురుతోంది, చూపు మాత్రం కుక్క మీదే. మేస్త్రి పైనుంచి పొడుగ్గా కేక వేశాడు. కుక్క చెవులు నిక్కబొడుచుకుని, లేచి గట్టు దారిన పరుగు అందుకుంది. నాన్న మిషను ఆపి, కింద పెట్టి, దాని వెనకే పైకి ఎక్కాడు. తొందరపడలేదు. అందరితో పాటు వచ్చి, అందరితో పాటు బండ చాటున కూర్చున్నాడు. పేలింది. నేల అదిరింది. దుమ్ము తగ్గాక నన్ను చూసి, క్యారేజీ తీసుకుని, ఆకులో ముద్ద విప్పి కుక్కకు పెట్టాడు.

నాకు భయం వేసింది. ఆ ఒక్క క్షణం నిజంగా వేసింది. ఆ తర్వాత అది కూడా అలవాటైపోయింది. కుక్కకు జ్వరం వస్తే, కుక్క ఎటైనా పోతే అని మొదట్లో పడుకోబోయేముందు అనుకునేదాన్ని. తర్వాత అనుకోవడం మానేశాను. అమ్మ ముద్ద కట్టేది. నాన్న చచ్చిన పెట్టెను జేబులో వేసుకుని, బిళ్ళ చెవిలో పెట్టుకుని వెళ్ళేవాడు. మేస్త్రికి తెలుసో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో ఆ విషయం ఎవరూ ఎత్తలేదు, నాయనమ్మతో సహా. ఆ కుక్క పోయాక దాని పిల్ల వచ్చింది. క్వారీలో నీళ్ళు ఊరి మూసేసేదాకా నాన్న గోతిలోకి దిగుతూనే ఉన్నాడు. చివరికి ఆయన్ని తీసుకెళ్ళింది ఊపిరితిత్తుల్లో సున్నం, బండలు కాదు. పెట్టె ఏమైందో గుర్తులేదు. ఇప్పుడు ఆ గోతిలో నీళ్ళున్నాయి, గేదెల్ని కడుగుతారు.

నిన్న డాక్టరు నా వేలికి కట్టు కట్టించి, ఎదురుగా చక్రాల స్టూలు మీద కూర్చున్నాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. సన్నటి దారం లాంటిది తీసి, "కళ్ళు మూసుకోండమ్మా. వేళ్ళకి ఎప్పుడు తగిలితే అప్పుడు తగిలిందని చెప్పండి" అన్నాడు. మా అమ్మాయి పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది.

కళ్ళు మూసుకున్నాను. ఏమీ తగల్లేదు. తగులుతూనే ఉండి ఉంటుంది. ఎంత వెతికినా నా వేళ్ళు నాకు ఎక్కడా దొరకలేదు. చీకట్లో ఆ గోధుమరంగు కుక్క కనపడింది, అంతే.

అప్పుడు డాక్టరు ముందుకు వంగినప్పుడల్లా స్టూలు కిర్రుమనడం వినపడింది.

కిర్రు.

"తగిలింది" అన్నాను.

మళ్ళీ కిర్రు. "ఆఁ, తగిలింది."

"మరీ అంత పోలేదండీ. జాగ్రత్తగా ఉండాలి, అంతే" అన్నాడు డాక్టరు మా అమ్మాయితో. తను నా వైపు చూసింది. నమ్మిందో లేదో తెలియదు.

సాయంత్రం పొయ్యి వెలిగించి మూకుడు పెట్టాను. నూనె కాగింది. మా అమ్మాయి వచ్చి, మూకుడు పిడికి మందపాటి గుడ్డ చుట్టి వెళ్ళిపోయింది. నేను నా వేళ్ళ మీద నుంచి చూపు తియ్యకుండా ఆవాలు వేశాను.